కాకినాడ ఉప్పుటేరు జెట్టీకి రబ్బరు ఫెండర్లు: అడ్డంగా బిగించాలా, నిలువుగానా?

ప్రశ్న – రేవు సంఘం సభ్యుడు:
కాకినాడ ఉప్పుటేరు గట్టున మా సంఘానికి చిన్న కాంక్రీటు జెట్టీ ఉంది. దానికి ఆనుకొనేవన్నీ తొమ్మిది మీటర్ల ఫైబర్ పడవలే. ఇన్నాళ్లూ పాత లారీ టైర్లను నైలాన్ తాళ్లతో వేలాడదీశాము గాని, కాంక్రీటు అంచుకు ఒరుసుకొని తాళ్లు తెగిపోతున్నాయి, టైర్లలోని తీగలు బయటికి వచ్చి పడవలను గీరుతున్నాయి. డి ఆకారపు రబ్బరు ఫెండర్లను (పడవ తాకిడిని మింగే దిమ్మెలను) పై అంచు వెంబడి అడ్డంగా ఒక వరుస బిగిస్తే చాలునని గుత్తేదారు అంటున్నారు. నిజంగా చాలునా?

జవాబు – తీర నిర్మాణాల ఇంజనీరు:
చాలదండీ. అమావాస్య, పౌర్ణములకు అక్కడ పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం ఒకటిన్నర మీటరుకు దగ్గరగా మారుతుంది కనుక, పాటు వేళ పడవ అంచు ఆ రబ్బరు కిందికి దిగిపోతుంది. తిరిగి పోటు ఎక్కేటప్పుడు ఆ అంచు అక్కడే ఇరుక్కుంటే పడవ పైకి లేవలేక ఒరిగి నీళ్లు ఎక్కించుకుంటుంది. అందుచేత ఫెండర్లను నిలువుగా, అతి తక్కువ నీటిమట్టంలో ఆనుకొనే పడవ అంచు కన్నా కిందికి వచ్చేటంత పొడవున బిగించాలి. రెండు ఫెండర్ల నడుమ దూరం పడవ పొడవులో 15 శాతం మించరాదని బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 6349 సూచిస్తుంది. మీ పడవలకు అది సుమారు 1.35 మీటర్లు. జెట్టీ స్తంభాల మీద నిలిచినదైతే కింద ఆనడానికి గోడ ఉండదు కాబట్టి, ముందుగా ఆ స్తంభాలకు దూలాలు కట్టించుకోవలసి ఉంటుంది.

జవాబు – ఫిట్టింగ్ పనివాడు:
బోల్టుల దగ్గర పొదుపు చేయకండి. ఉప్పునీటిలో మామూలు ఇనుము నిలవదు, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలే వాడండి. రంధ్రం వేశాక దుమ్మును బ్రష్‌తో, గాలితో పూర్తిగా తీసిన తరువాతనే కెమికల్ యాంకర్ (బోల్టును కాంక్రీటుకు అతికించే రసాయన మందు) నింపాలి. దుమ్ము మిగిలితే ఎంత ఖరీదైన మందైనా పట్టదు. తడిసిన రంధ్రంలోనూ పట్టే రకమేనా అని కొనేటప్పుడే అడగండి. బోల్టు తల రబ్బరు ఉపరితలం కన్నా లోపలే ఉండాలి, లేకుంటే తీగల బదులు బోల్టులు గీరుతాయి.

జవాబు – మరబోటు సరంగు:
డబ్బు చాలకపోతే టైర్లనూ తీసిపారేయనక్కరలేదు. ఉక్కు తీగల రేడియల్ టైర్లను మానుకొని, నైలాన్ పొరల పాత రకం ఎంచుకోండి, తాడుకు బదులు గొలుసు వేయండి, వాననీరు నిలిచి దోమలు పెరగకుండా అడుగున చిల్లు పెట్టండి. అయితే ఏ ఫెండరైనా వేగాన్ని కొంతవరకే మింగగలదు: పడవ రెట్టింపు వేగంతో వస్తే తాకిడి శక్తి నాలుగింతలవుతుంది. కుర్రవాళ్లు ఇంజను తగ్గించకుండా రేవులోకి దూసుకురావడాన్ని మీ సంఘమే ముందుగా ఆపాలి.