ధూళి డిస్క్ లోపలి అంచుని మోడల్ చేయడం పరిశోధనా, గీత మీద గీత కలపడమా?

నాగావళి_ఒడ్డు:
శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి సెమిస్టర్ చదువుతున్నాను. హెచ్‌డీ 163296 అనే కుర్ర నక్షత్రం చుట్టూ గ్రహాలు పుట్టే ధూళి డిస్క్ ఉంది. నక్షత్రానికి మరీ దగ్గరగా వెళ్తే ధూళి ఆవిరైపోతుంది. అందుకని డిస్క్ కొంత దూరం నుంచే మొదలవుతుంది. ఆ లోపలి అంచుని రాడ్‌ఎంసీ-3డీలో (ధూళిలో వెలుగు ఎలా ప్రయాణిస్తుందో లెక్కగట్టే ప్రోగ్రామ్) ఒకసారి నిటారు గోడలా, ఇంకోసారి వంపు తిరిగినట్టు పెట్టి చూశాను. 2-3 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే ఇన్‌ఫ్రారెడ్‌లో, కనిపించే అదనపు వెలుగుకి రెండూ సరిపోయాయి. రివ్యూలో ఒక సార్ "ఇది ఫిజిక్స్ కాదమ్మా, గీత మీద గీత కలపడం" అనేశారు. అంతేనంటారా?

వంశధార_మాస్టారు:
అంతే తల్లీ. రెండు వేరువేరు ఆకారాలు ఒకే వెలుగునిచ్చాయంటే ఆ వెలుగుకి ఆకారం సంగతి తెలియదన్నమాట. రాత్రి బస్సులోంచి దూరాన ఇటుకల బట్టీని చూస్తే మంట ఎంత ఎర్రగా ఉందో చెప్పగలం. దాని నోరు గుండ్రమో పలకో ఎలా చెబుతాం?

గంటస్తంభం_సెంటర్:
మాస్టారూ, ఆ అదనపు వెలుగు ఎక్కడిదో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. చదునైన డిస్క్‌తో లెక్క వేస్తే సరిపోయేది కాదు. 2001లో డల్లెమాండ్, డొమినిక్, నట్టా అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టి చూపించారు: నక్షత్రం వెలుగు అంచు మీద నేరుగా పడుతుంది కాబట్టి అది వేడెక్కి ఉబ్బుతుంది, వెనక భాగం మీద నీడ వేస్తుంది. మోడల్ లేకపోతే ఆ ఆలోచనే లేదు.

చీపురుపల్లి_చిన్నోడు:
ధూళి ఆవిరయ్యే ఉష్ణోగ్రత ఎంత పెట్టారు? 1500 కెల్విన్ అని పెట్టేసి ఊరుకున్నారా?

వంశధార_మాస్టారు:
అదిగో. 1500 చేత్తో పెట్టిన అంకె.

గంటస్తంభం_సెంటర్:
చేత్తో పెట్టింది కాదండీ. సిలికేట్ ధూళి, అంటే రాతి పొడి లాంటిది, ఇంచుమించు ఆ వేడి దగ్గరే ఆవిరవుతుంది.

చీపురుపల్లి_చిన్నోడు:
ఇంచుమించు అంటే ఒప్పుకోను. చుట్టూ వాయువు చిక్కగా ఉంటే ధూళి ఇంకా ఎక్కువ వేడి తట్టుకుంటుంది, పలచగా ఉంటే తక్కువకే పోతుంది. 1500 అని ఒకే అంకె పెడితే తప్పు. అంతే.

పలాస_పప్పు:
1500 సంగతి తేలాక చెప్పండి, టీ తాగొస్తా.

గంటస్తంభం_సెంటర్:
చిన్నోడా, అసలు చర్చ అది కాదు. మన కాలేజీల్లో కొత్తగా ఏం చేసినా ముందు వెనక్కి లాగుతారు. నేను ఇలాంటిదే చేస్తానంటే మా గైడ్ "మనకెందుకురా ఇవన్నీ, బ్యాంకు కోచింగ్‌లో చేరిపో" అన్నారు. చేరాను. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, అది వేరే కథ. మాస్టారి మాట వింటే ఆ గొంతే వినిపిస్తోంది.

వంశధార_మాస్టారు:
నోరు జాగ్రత్త బాబూ. నేను ఉద్యోగం చేసిన కాలేజీకి టెలిస్కోపు వచ్చింది. లెన్సుకి బూజు పట్టేదాకా బీరువాలోనే ఉంది. పిల్లలకి చూపిద్దాం అంటే "స్టాకు రిజిస్టర్లో ఉంది, పోతే ఎవరు కడతారు?" అన్నారు. పిల్లల్ని కంప్యూటర్ ల్యాబ్‌కి తోలేసి దానికే ప్రాజెక్టు అని పేరు పెట్టారు. నా కోపం మోడల్ మీద కాదు. చూడటం విదేశాలవాళ్లది, లెక్కలు మాత్రం మనవి, అదీ నా బాధ.

గంటస్తంభం_సెంటర్:
ఈ మాట ముందే చెప్పొచ్చు కదండీ! కానీ మాస్టారూ, ఈ అంచుని చూడటానికి కాలేజీ టెలిస్కోపు చాలదు. నక్షత్రం దాదాపు 330 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంచు ఉన్నది భూమి-సూర్యుల దూరంలో మూడోవంతు దగ్గర. మనకి అది ఆకాశంలో 3 మిల్లీ ఆర్క్‌సెకన్లు, అంటే డిగ్రీలో దాదాపు పన్నెండు లక్షలో వంతు. చిలీలో వీఎల్‌టీ టెలిస్కోపుల వెలుగుని కలిపి, అంటే ఇంటర్‌ఫెరోమీటర్‌తో, చూస్తే గానీ తేలదు. ఆ డేటాలో చాలాభాగం ఆర్కైవ్‌లో అందరికీ దొరుకుతుంది. విజయనగరంలో కూర్చుని దించుకోవచ్చు.

వంశధార_మాస్టారు:
దించుకోవచ్చు సరే, దాన్ని చదవడం నేర్పేవాళ్లెవరు? ఇక్కడ నేర్పే మనిషిని పెట్టకుండా "డేటా ఉచితం" అంటే పిల్లలకి ఒరిగేదేముంది?

గంటస్తంభం_సెంటర్:
నేర్పే మనిషి వచ్చేదాకా ఆగమంటే, నాకు బ్యాంకు కోచింగ్ చెప్పినట్టే ఉంటుంది.

చీపురుపల్లి_చిన్నోడు:
మీ కోపాలు అయ్యాయా? నేను 1500 దగ్గర ఊరికే పట్టుకోలేదు. డిస్క్ మధ్య తలంలో వాయువు చిక్కన, అక్కడ ధూళి నక్షత్రానికి దగ్గరదాకా బతుకుతుంది. పైకి వెళ్లేకొద్దీ పలచన, కాబట్టి అంచు వెనక్కి జరుగుతుంది. అంచు వంపు తిరిగేది అందుకే. 2005లో ఇసెల్లా, నట్టా చెప్పింది ఇదే. అక్కా, మీరు రెండో మోడల్‌లో వంపు చేత్తో గీశారా, ఈ లెక్కతో వచ్చిందా?

నాగావళి_ఒడ్డు:
చేత్తోనే గీశాను తమ్ముడూ.

చీపురుపల్లి_చిన్నోడు:
అయితే రివ్యూ సార్ అడగాల్సింది అది.

గంటస్తంభం_సెంటర్:
ఇంకోటమ్మా. కాస్త వాలి ఉన్న డిస్క్‌లో నిటారు గోడయితే ఒక పక్కే మెరవాలి. 2006లో మోనియర్ బృందం చాలా నక్షత్రాలు చూస్తే అంత ఒంటిపక్క మెరుపు కనిపించలేదు. పైగా 2008లో మౌంట్ విల్సన్ మీద చారా ఇంటర్‌ఫెరోమీటర్, 330 మీటర్ల వరకు ఎడం ఉన్న టెలిస్కోపులతో, మీ నక్షత్రాన్నే చూసింది. ధూళి అంచుకి లోపల, ఖాళీ అనుకున్న చోట కూడా వెలుగు ఉంది. గోడా వంపూ రెండూ దానికి జవాబు చెప్పలేవు.

వంశధార_మాస్టారు:
ఆ లోపలి వెలుగు ఎక్కడిది?

గంటస్తంభం_సెంటర్:
వేడి వాయువని కొందరు, ఇంకా ఎక్కువ వేడి తట్టుకునే వేరే రకం రేణువులని కొందరు. ఇంకా వాదిస్తున్నారు.

వంశధార_మాస్టారు:
అయితే అమ్మాయి తన మోడళ్లని ఆ ఇంటర్‌ఫెరోమీటర్ డేటాతో పోల్చి చూడాలి. ఈ అదనపు వెలుగు స్పెక్ట్రం ఒక్కటీ పట్టుకుని వైవాకి వెళ్తే మాత్రం నేను ఆ సార్ పక్షమే.

నాగావళి_ఒడ్డు:
వైవాకి టైం తక్కువ ఉంది మాస్టారూ. ముందు వంపుని సాంద్రత లెక్కతో రప్పిస్తాను. తర్వాత రెండు మోడళ్ల బొమ్మలూ తీసి వీఎల్‌టీ డేటా పక్కన పెడతాను.

పలాస_పప్పు:
టీ అయింది. రేణువు సైజు ఎంత పెట్టారో ఎవరూ అడగలేదేం? చిన్న రేణువులు ఎక్కువ వేడెక్కుతాయి, అంచు ఇంకా దూరం జరుగుతుంది.

చీపురుపల్లి_చిన్నోడు:
దానికి వేరే టపా పెట్టు పప్పన్నా, ఇక్కడ ఇంకా 1500 తేలలేదు.