అనూబియాస్ కుళ్లిపోతోంది, వెలుతురు చాలకనా?

ప్రశ్న: నమస్కారం అండీ. మాది కూకట్‌పల్లిలో ఫ్లాట్. హాల్లో టీవీ పక్కన 2 అడుగుల ట్యాంక్, రెండు గోల్డ్‌ఫిష్‌లు. ఎండ పొడ తగలదు. ఇదివరకు పెట్టిన మొక్కల్ని చేపలు తినేశాయి. ఈసారి షాపులో "ఇది చావదు సార్" అని అనూబియాస్ నానా అనే నీటిమొక్క ఇచ్చారు. గులకరాళ్లలో లోతుగా గుచ్చాను. 20 రోజులకే ఆకులు పసుపెక్కి, ముట్టుకుంటే ఊడొస్తున్నాయి. ఎల్‌ఈడీ పొద్దున్నుంచి రాత్రి 10 దాకా వెలుగుతూనే ఉంటుంది. ఇంకా పెద్ద లైటు కావాలా? ఎరువు వేయాలా?

జవాబు: రెండూ వద్దు అన్నా. గుచ్చడమే పొరపాటు. ఆకులు పుట్టే లావుపాటి కొమ్ము ఉంటుంది చూడండి, పసుపు కొమ్ములా అడ్డంగా పాకుతుంది. దాన్నే రైజోమ్ అంటారు. పసుపునైతే పాతిపెడతాం, దీన్ని పాతితే కుళ్లుతుంది. కామెరూన్ లాంటి చోట్ల వాగుల్లో రాళ్లనూ దుంగలనూ వేళ్లతో కరుచుకుని, చెట్ల నీడలో బతికే మొక్క ఇది. మన చేమదుంప కుటుంబమే.

ఇప్పుడే పైకి తీసి కొమ్మును వేలితో నొక్కండి. మెత్తగా, కంపు కొడుతున్న భాగాన్ని కొత్త బ్లేడుతో, గట్టి పచ్చ భాగం తగిలేదాకా కోసేయండి. మిగిలిన ముక్కను రాయికి గాలం దారంతో కట్టండి, మరీ బిగించొద్దు. నూలు దారం కొన్నాళ్లకు చివికిపోతుంది, గోల్డ్‌ఫిష్‌లు ఊరికే లాగుతుంటాయి కూడా. వేళ్లు రాళ్లలోకి దిగినా ఫర్వాలేదు, కొమ్ము మాత్రం పైనే ఉండాలి.

ప్రశ్న అడిగినవారు: తీశాను. సగం పోయింది, వాసన భరించలేకపోయాం! గట్టి ముక్కకు నాలుగాకులు మిగిలాయి. బోరు నీళ్లు ఇబ్బందా?

మరొకరు: బోరు నీళ్లకు ఇది తట్టుకుంటుంది. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే మందు వేయండి, అది చేపల కోసం. గుచ్చడం కాక మీకున్న ఇంకో సమస్య లైటు ఎక్కువవడం. దీని ఆకు నెమ్మదిగా వస్తుంది, నెలల తరబడి ఉంటుంది. అంతసేపు లైటు వేస్తే ఆకుల మీద పచ్చ చుక్కలు, అంచులకు నల్లటి నాచు పట్టేస్తాయి. టైమర్ పెట్టి 6, 7 గంటలకు తగ్గించండి. ఎరువంటారా, రెండు గోల్డ్‌ఫిష్‌ల రెట్టే దానికి ఎక్కువ. అడగకుండానే చెప్తున్నా, అవి పెద్దవైతే ఆ ట్యాంక్ చాలదు.

ఇంకొకరు: జావా ఫెర్న్ కూడా తెచ్చుకోండి. అదీ ఇలాగే రాయికి కట్టాలి, ఆకు మందం కాబట్టి చేపలు పెద్దగా జోలికి పోవు. దాని ఆకు వెనక వరసగా నల్లచుక్కలొస్తే టెన్షన్ పడి నేను సగం మొక్క కత్తిరించేశాను. తీరా చూస్తే అవి కొత్త మొక్కల్ని పుట్టించే సిద్ధబీజాల గుంపులట, రోగం కాదు!

ప్రశ్న అడిగినవారు: ఐదు వారాలైంది. పాత ఆకుల్లో ఒకటి పోయింది. నిన్న కొమ్ము చివర కొత్త ఆకు చుట్టు విప్పింది, గోరంత ఉంది. రాయిని చేపలు రెండుసార్లు పడేశాయి గానీ మొక్క ఊడలేదు.