కోల్న్ కచేరీ: ఘనత జారెట్‌దా, పాడైన పియానో కథదా?

చర్చ పెట్టినవారు: 1975 జనవరి 24 రాత్రి జర్మనీలోని కోల్న్ ఒపెరా హౌస్‌లో అమెరికన్ జాజ్ పియానో వాద్యకారుడు కీత్ జారెట్ అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించిన పియానో కచేరీని ఈసీఎం సంస్థ రికార్డుగా తెచ్చింది. ఆయన అడిగిన పియానోకు బదులు బోసెన్‌డార్ఫర్ కంపెనీ చిన్న పియానో ఒకటి వచ్చిందనీ, దాని తారస్థాయి గరుకుగా, మంద్రం బలహీనంగా ఉండటంవల్ల ఆయన మధ్యస్థాయిలోనే తిరుగుతూ ఎడమచేత్తో ఒకే వరుసను మళ్ళీమళ్ళీ మోగించాడనీ చెబుతారు. ఈ కథ తెలియనివారికి మొదటి భాగంలోని 26 నిమిషాలు అంతగా రుచిస్తాయా? రెండు కార్డుల (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపుల) మధ్య ఆ ఊగిసలాట నాకు సాగదీతగానే తోచింది.

మొదటి జవాబు: కథకు అంత బరువు అక్కర్లేదండీ. పునరావృత్తి పియానో లోపంవల్లే పుట్టిందంటే, 1973లో ఆయన బ్రెమెన్, లొజాన్ నగరాల్లో చేసిన కచేరీల్లోనూ అదే పద్ధతి ఎందుకుంది? మీరు సాగదీత అంటున్నది నాకు తంబూర శ్రుతిలా వినిపిస్తుంది. కింద అది కదలకుండా ఉంటేనే పైన కుడిచేయి ఎంత దూరం వెళ్ళిందో తెలుస్తుంది. తొలి స్వరాలు ప్రేక్షకులను లోపలికి పిలిచే ఆ హాలు గంట స్వరాలేనంటారు. గుర్తుపట్టిన జనం నవ్వడం కూడా రికార్డులో లీలగా వినిపిస్తుంది. చెవిన పడినదాన్నే ఎత్తుగడగా అందుకోవడం కన్నా మనోధర్మం ఏముంటుంది?

రెండో జవాబు: మనోధర్మమే, కానీ మొత్తం అప్పటికప్పుడు పుట్టిందనడం సరికాదు. చివరి ముక్క ఆయన ముందే కట్టుకున్న బాణీ. పల్లవి ముందే ఉందని మనం విద్వాంసుణ్ణి తప్పుపట్టం కనుక ఇది నేరమేమీ కాదు, కాకపోతే ఆ మాట చెప్పకుండా పొగిడే విమర్శకులను మాత్రం నేను నమ్మను. స్వరలిపి అచ్చుకు జారెట్ చాలాకాలం ఒప్పుకోలేదు, చివరికి ఒప్పుకున్నా రికార్డునే ప్రమాణంగా తీసుకొమ్మన్నాడు. వాయిస్తూ ఆయన తీసే మూలుగులు, ఆ పియానో పలుచని నాదం కాగితం మీదికి ఎక్కవు కదా.

చర్చ పెట్టినవారు: గంట సంగతి చదివాక రికార్డు మళ్ళీ పెట్టాను, నవ్వు వినిపించింది. మొదటి అయిదు నిమిషాల విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. రెండో భాగం ఆరంభంలో ఎడమచేయి పట్టిన పట్టు వదలకుండా కొట్టే ఆ వరుసను మాత్రం సాగదీత అనే అంటాను.