బెర్లిన్ ఆర్కియాప్టెరిక్స్ అచ్చు చూసి బొమ్మ గీస్తున్నా: మెడ, వెనకవేలు ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: ఆర్కియాప్టెరిక్స్ అంటే ఈకలున్న ఆదిమ పక్షి, నా దగ్గరున్నది బెర్లిన్‌లోని దాని శిలాజానికి తీసిన అచ్చు (నకలు). అందులో మెడ వీపు మీదికి విల్లులా వంగి ఉంది. ప్రాణం పోతూ గిలగిలా కొట్టుకోవడం వల్లేనా? కాలి వెనకవేలును పూర్తిగా వెనక్కి తిప్పి గీయొచ్చా? రొమ్ము ఎముక సంగతేమిటి?

జవాబు: మెడతో మొదలుపెడదాం. మెదడు దెబ్బతిని చనిపోయేటప్పుడే అలా బిగుసుకుంటుందని 2007లో ఒక వాదన వచ్చింది. 2012లో రైస్‌డార్ఫ్, వుట్కె అనే పరిశోధకులు దాన్ని కాదన్నారు. మెడ పూసల పైవైపు సాగే గుణమున్న లిగమెంట్ (ఎముకలను కలిపే పట్టీ) ఒకటి ఉంటుంది, బతికున్నంతకాలం అది లాగిపట్టిన రబ్బరులాగే ఉంటుంది. కళేబరం నీళ్లలో పడితే తల బరువు తేలికవుతుంది, ఎదురులాగే కండరాలు కుళ్లి వదులవుతాయి, లిగమెంట్ మాత్రం ఆలస్యంగా కుళ్లుతుంది. అంతే, తల వెనక్కి వస్తుంది. ఈ శిలాజాలు దొరికిన జర్మనీలోని జోల్న్‌హోఫెన్ సున్నపురాయి మడుగు అడుగున పేరుకున్నదే కాబట్టి నాకు ఈ రెండోదే సబబు. ఆ వంపును బతికున్న పక్షి భంగిమగా గీయకండి.

వెనకవేలు దగ్గర ఇంకా జాగ్రత్త. రాతి పలక మీద అణిగిన పాదంలో వేలు ఏ పక్కకు ఒరిగితే అటే తిరిగినట్టు కనిపిస్తుంది. 2005లో వివరించిన థెర్మోపోలిస్ నమూనాలో (ఇంకో ఆర్కియాప్టెరిక్స్ శిలాజం) పాదం బాగా నిలిచింది, అందులో వేలు పూర్తిగా వెనక్కి తిరిగి లేదు.

ఇంకొకరి జవాబు: రొమ్ము ఎముక గీయకండి. 1993లో మ్యూనిక్ నమూనాలో ఉందన్నారు, తర్వాత చూస్తే అది కోరకాయిడ్ (భుజం దగ్గరి ఎముక). రొమ్ము ఎముక మృదులాస్థిగా (మెత్తటి ఎముకగా) ఉండి కుళ్లిపోయిందేమో అన్న అనుమానం మాత్రం తీసెయ్యలేం. లేకపోవడం వేరు, మిగలకపోవడం వేరు.

ఎముకల మందం కూడా అచ్చు మీద కొలవద్దండీ. బోలు ఎముక పైనున్న మట్టి బరువుకు నిలువునా చీలి చదునవుతుంది, వెడల్పు ఎక్కువ చూపిస్తుంది. పొడవు అంతగా మారదు, నిష్పత్తులన్నీ దాంతోనే కట్టండి. ఎడమ, కుడి రెండూ కొలిచి, తేడా వస్తే ఎక్కడ నలిగిందో చూడండి.

ప్రశ్న అడిగినవారు: లండన్ నమూనాలో పుర్రె చాలావరకు లేదు కదా, ఈకలేమో ఉన్నాయి. ఎలా?

జవాబు: తేలే కళేబరంలో తల, కాళ్లు ముందు ఊడతాయి. రెక్కలు భుజం ఎముకలతో కలిసి ఎక్కువకాలం అంటిపెట్టుకుంటాయి. ఇంకోటి, అచ్చులో ఎముకా రాయీ ఒకే రంగు. అసలు శిలాజాన్ని అతినీలలోహిత కాంతిలో తీసిన ఫోటో దొరికితే పక్కన పెట్టుకోండి, ఎముక మెరిసి విడిగా కనిపిస్తుంది. ఎదురు పలక (రాయి రెండుగా చీలితే వచ్చే రెండో సగం) ఫోటో కూడా వెతకండి, పలక చీలినప్పుడు ఎముక ముక్కలు కొన్ని అటు పోతాయి.