పాత ఎస్‌బీఎస్ 2011లోని మెయిల్‌ని కొత్త డొమైన్‌లోకి తెచ్చేదెలా?

ఏటిగట్టు:

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో చింతపండు, కొండచీపుర్లు టోకున అమ్మే కొట్లో పద్దులు రాస్తాను. పద్దులు రాసేవాడివి కదా, కంప్యూటర్లు కూడా నువ్వే చూడు అన్నారు. అప్పట్నుంచీ అదీ నా మెడకే.

సంగతేంటంటే, మా షావుకార్లు అన్నదమ్ములు వాటాలు పంచుకున్నారు. కొట్టు పాత పేరు తమ్ముడిగారికి పోయింది, దాంతోపాటే మెయిల్‌లో @ తర్వాత వచ్చే పేరు కూడా. పెద్దాయన కొత్త పేరు పెట్టుకుని, కొత్త ఆఫీసులో విండోస్ సర్వర్ 2019 పెట్టించి, దాని మీద కొత్త డొమైన్ చేయించారు. మెయిల్ మాత్రం ఇంకా పాత గోడౌన్ మేడ మీదున్న స్మాల్ బిజినెస్ సర్వర్ (ఎస్‌బీఎస్) 2011లోనే ఉంది. 2018లో తిత్లీ తుఫానుకి రేకులు లేచిపోయి వాన లోపలికి కొడితే, ఆ పెట్టెని టార్పాలిన్‌లో చుట్టి కిందికి మోసింది నేనే. ఇప్పుడూ నేనే మొయ్యాలి.

మొత్తం 23 మెయిల్‌బాక్సులు. 14 మావి, 9 తమ్ముడిగారివి. పెద్దాయనది ఒక్కటే 31 జీబీ. ఆయన ఒక్క ఉత్తరం కూడా చెరపరు, పెళ్లి శుభలేఖలతో సహా.

మిషన్‌ని పాత డొమైన్‌లోంచి తీసి కొత్తదాంట్లో చేరిస్తే మెయిలూ వచ్చేస్తుందనుకున్నాను. సిస్టమ్ ప్రాపర్టీస్ తెరిస్తే డొమైన్ అన్న గడి బూడిదరంగులో ఉంది, ఎంత నొక్కినా కదలదు. రెన్‌డామ్ అనే కమాండ్‌తో డొమైన్ పేరే మార్చొచ్చని ఎక్కడో చదివాను. భయమేసి ఇంకా చెయ్యి వెయ్యలేదు. వెయ్యమంటారా?

బరంపురం బాబాయ్:

వెయ్యకండి బాబూ. బ్యాకప్ లేకపోతే ముందు అది తీసుకుని, తర్వాత కింది మాటలు చదవండి.

మీరు రెండు డొమైన్లని కలిపేశారు. @ తర్వాత పేరు ఒకటి. లోపల కంప్యూటర్లు లాగిన్ అయ్యే విండోస్ డొమైన్ వేరు, బహుశా మీది .లోకల్‌తో ముగుస్తుంది. ఉత్తరాల మీద పేరు మారితే చాలనుకుంటే, ఎక్స్ఛేంజ్‌లో (మీ సర్వర్‌లో మెయిల్ నడిపే ప్రోగ్రాం) కొత్త పేరుని ఒప్పుకున్న డొమైన్ల జాబితాలో చేర్చి, చిరునామా పాలసీ మార్చి, ఎంఎక్స్ రికార్డు (ఉత్తరాలు ఏ సర్వర్‌కి పోవాలో చెప్పేది) ఇటు తిప్పితే గంటలో పని. కానీ మీది ఇల్లు పంపకం, అంత తేలిగ్గా పోదు.

ఆ గడి ఎందుకు కదల్లేదంటే, ఆ మిషనే డొమైన్ కంట్రోలర్, అంటే డొమైన్ మొత్తాన్నీ నడిపేది. ఇంటి యజమానే ఇల్లు ఖాళీ చేసి పక్కింట్లో అద్దెకు దిగాలన్నట్టు ఉంటుంది. పోనీ కంట్రోలర్ పదవి తీసేద్దామంటే, ఎక్స్ఛేంజ్ ఉన్న మిషన్ మీద ఆ పని చేస్తే ఎక్స్ఛేంజ్ పాడవుతుంది. రెన్‌డామ్ ఎక్స్ఛేంజ్ 2003 రోజుల్లో పనికొచ్చేది, 2007 నుంచి ఆ దారి మూసేశారు. మీ ఎస్‌బీఎస్‌లో ఉన్నది 2010.

మామూలుగా అయితే రెండు డొమైన్ల మధ్య ట్రస్ట్ (ఒకదాన్నొకటి నమ్మే ఏర్పాటు) పెట్టి మెయిల్‌బాక్సుల్ని అటు జరుపుతారు. ఎస్‌బీఎస్‌కి ట్రస్ట్ పెట్టే వీలే ఇవ్వలేదు. ఇక మీకు తేలికైన దారి: ప్రతి మెయిల్‌బాక్సునీ పీఎస్‌టీ ఫైలుగా (అవుట్‌లుక్ ఉత్తరాలు దాచే ఫైలు) బయటికి తీసి, కొత్త చోట లోపలికి పంపడం. న్యూ-మెయిల్‌బాక్స్‌ఎక్స్‌పోర్ట్‌రిక్వెస్ట్ అనే కమాండ్ ఎక్స్ఛేంజ్ 2010 ఎస్‌పీ1 (సర్వీస్ ప్యాక్ 1) నుంచి సర్వర్‌లోనే ఉంది, మీ ఎస్‌బీఎస్‌తో ఎస్‌పీ1 వచ్చే ఉంటుంది. ముందు మీ అకౌంట్‌కి మెయిల్‌బాక్స్ ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ అనే రోల్ ఇచ్చుకోండి. ఇచ్చాక షెల్ (కమాండ్లు కొట్టే కిటికీ) మూసి మళ్లీ తెరవండి, లేకపోతే కమాండే లేదంటుంది. ఇక్కడ నేను ఒక పూట పోగొట్టుకున్నాను. ఫైలు దారి డీ డ్రైవ్ అని రాస్తే ఒప్పుకోదు. షేర్ చేసిన ఫోల్డర్ ఉండాలి, దాని మీద ఎక్స్ఛేంజ్ ట్రస్టెడ్ సబ్‌సిస్టమ్‌కి రాసే హక్కు ఉండాలి.

ఎస్‌బీఎస్ 2011కి సపోర్టు 2020 జనవరి 14న ఆగిపోయింది. లోపలి ఎక్స్ఛేంజ్‌కి అదే ఏడాది అక్టోబర్ 13న. దాన్ని మళ్లీ ఇంటర్నెట్ ముందు నిలబెట్టకండి. 14 మందికి సొంత సర్వర్ ఎందుకండీ, మైక్రోసాఫ్ట్ వాళ్లే నడిపే ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్ అద్దెకు తీసుకోండి.

నీలితీగ:

బాబాయ్ గారు చెప్పిందానికి రెండు ముక్కలు.

పాత పేరు రిజిస్ట్రేషన్ ఎవరి మెయిల్ మీద ఉందో ఇవాళే చూసుకోండి. ఒక కొట్టువాళ్లది మొదట పెట్టిన కంప్యూటర్ కుర్రాడి సొంత మెయిల్ మీద ఉండేది. ఆ అబ్బాయి ఊరు వదిలి పోయాడు, రెన్యువల్ ఓటీపీ అతనికే పోతోంది. నెల రోజులు తిరిగితే గానీ దొరకలేదు.

రెండోది, పాత పేరుకి వచ్చే మీ ఉత్తరాలు తమ్ముడిగారి వైపు నుంచి ఎన్నాళ్లు మళ్లిస్తారో కాగితం మీద రాయించుకోండి. మళ్లించిన ఉత్తరాలకి ఎస్‌పీఎఫ్ (ఈ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే జాబితా) తప్పుతుంది, డీకిమ్ (ఉత్తరం మీద పంపినవాళ్ల డిజిటల్ ముద్ర) సంతకం ఉన్నవి మాత్రం నిలబడతాయి. కొన్ని స్పామ్‌లో పడతాయి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ పంపేవాళ్లందరినీ ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఉండాలంటోంది. కొత్త పేరుకి రెండూ మొదటి రోజే పెట్టేయండి.

ఏటిగట్టు:

రిజిస్ట్రేషన్ చూశాను. నీలితీగ గారూ, మీ నోటి మాట నిజమైంది! మాకు పాత సిస్టమ్ పెట్టినతని మెయిలే ఉంది. మంచివాడు, ఫోన్ ఎత్తాడు. ఇప్పుడది తమ్ముడిగారి పేరు మీదకి మారింది. మళ్లింపు ఉగాది దాకా అని వాళ్లిద్దరూ ఒప్పుకున్నారు, కాగితం నేనే రాశాను.

మా వాళ్ల కొన్ని మిషన్లలో ఇంకా అవుట్‌లుక్ 2007 ఉంది. పరవాలేదా?

బరంపురం బాబాయ్:

2007కి పీఎస్‌టీ హద్దు 20 జీబీ, పెద్దాయనది తెరవలేరు. 2010 నుంచి 50 జీబీ దాకా పోతుంది. పైగా 2007 కొత్త సర్వీసుకి కనెక్టే అవదు. అవి మార్చేదాకా వాళ్లని బ్రౌజర్‌లో చూసుకోమనండి.

ఇంకొకటి, ఇది అందరూ మర్చిపోతారు. నేనూ ఒక కాలేజీకి చేసినప్పుడు మర్చిపోయాను. మెయిల్ మారిన మర్నాడు లెక్చరర్లు పాత ఉత్తరాలకి రిప్లై కొడితే అన్నీ తిరిగొచ్చాయి. ఆ బౌన్స్‌లో ఐఎంసీఈఏఈఎక్స్ అని మొదలయ్యే చాంతాడంత చిరునామా ఉంటుంది. ఎందుకంటే ఒకే ఆఫీసులో పంపుకున్న ఉత్తరాలు @ చిరునామాని పట్టించుకోవు, లెగసీఎక్స్ఛేంజ్‌డీఎన్ అనే లోపలి పేరుతో తిరుగుతాయి. పాత సర్వర్ ఉండగానే ప్రతి ఒక్కరి లెగసీఎక్స్ఛేంజ్‌డీఎన్ ఫైల్లోకి తీసుకుని, కొత్త మెయిల్‌బాక్సుకి ఎక్స్500 చిరునామాగా (ఆ లోపలి పేరుని గుర్తుపట్టే అదనపు చిరునామా) చేర్చండి. నేను బౌన్స్‌లోంచి చేత్తో విప్పాల్సి వచ్చింది: అండర్‌స్కోర్‌ని స్లాష్‌గా, +20ని ఖాళీగా, +28, +29ని బ్రాకెట్లుగా. అరవై పేర్లు. కళ్లు పోయాయి.

ఏటిగట్టు:

ఆ జాబితా మొన్నే తీసేశాను, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ప్రింట్ ఒకటి.

ముందు నాది, మా గుమాస్తాది, గోడౌన్ కుర్రాడిది ఎక్స్‌పోర్ట్ చేశాను, చక్కగా వచ్చాయి. పెద్దాయనది రాత్రి పెట్టి ఇంటికి పోయాను. పొద్దున్న వచ్చి చూస్తే ఫెయిల్డ్ అని ఎర్రగా ఉంది. టెన్షన్‌తో టీ కూడా తాగలేదు. రిపోర్టు తెరిస్తే పాడైపోయిన ఐటమ్స్ నాలుగు. బ్యాడ్‌ఐటమ్‌లిమిట్ 10 అని (పాడైనవి పది దాకా వదిలేసి ముందుకి పొమ్మని) ఇచ్చి మళ్లీ పెడితే సాయంత్రానికి పూర్తయింది. పోయిన నాలుగూ ఏమిటని ఆయన ఒకటే అడుగుతున్నారు. 2013 నాటి చీపుర్ల రేటు కాగితాలని చెప్పాను, నమ్మినట్టు లేదు.

ఇక్కడి లైన్‌కి అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్. ఆ 31 జీబీ పోవడానికే లెక్క ప్రకారం ఏడు గంటలు, కరెంటు పోకపోతే. అందుకని ఈ ఏడాది ఉత్తరాలు ముందు పంపి, పాతవి రోజుకో ఏడాది చొప్పున పంపుతున్నాను.

మా కొత్త పేరుకి ఎంఎక్స్, ఎస్‌పీఎఫ్, డీకిమ్ పెట్టేశాను. పాత పేరు ఎంఎక్స్‌ని ఆదివారం తమ్ముడిగారి మెయిల్‌కి తిప్పుతాం, దాని టీటీఎల్ (మిగతా సర్వర్లు పాత రికార్డుని గుర్తుపెట్టుకునే సమయం) ఇవాళే 300 సెకండ్లకి దించాను. పాత సర్వర్ పెట్టెని నెల రోజులు నెట్‌వర్క్ తీగ పీకి అలాగే ఉంచుతాను. ఈసారి కింద గదిలోనే.