పూల్‌లో స్పందన నిలిచింది, కొందరి సీడీ8 మాత్రం పడిపోయింది: తేడా ఎక్కడ?

ప్రశ్న: కోవిడ్ టీకా వేసుకున్నవాళ్ల రక్తకణాల మీద ఎలిస్పాట్ (స్పందించిన ఒక్కో కణం ఒక్కో చుక్కగా కనిపించే పరీక్ష) చేస్తున్నాం. వుహాన్ స్పైక్ (వైరస్ పైనున్న ముల్లు ప్రోటీన్) పూల్ ఒకటి, ఒమిక్రాన్ స్పైక్ పూల్ ఒకటి; పూల్ అంటే ఆ ప్రోటీన్ ముక్కలైన పెప్టైడ్ల మిశ్రమం. రెండూ 15 అమైనో ఆమ్లాల పెప్టైడ్లే, పక్కపక్క పెప్టైడ్లలో 11 ఉమ్మడి. మొత్తమ్మీద స్పందన పెద్దగా తగ్గలేదు. అవే నమూనాలను ఫ్లో సైటోమెట్రీలో (కణాలను రకాలవారీగా లెక్కించే పద్ధతి) చూస్తే కొందరి సీడీ8 (సోకిన కణాలను చంపే టీ కణాలు) స్పందన సగానికి పైగా పడిపోయింది. ఏది నమ్మాలి? మా చేతిలోనే పొరపాటు జరిగిందా?

జవాబు 1: రెండూ నమ్మొచ్చండి, రెండూ కొలుస్తున్నది ఒకటి కాదు. ఎలిస్పాట్‌లో చుక్క ఏ కణం వేసిందో తెలియదు. 15 పొడవు పెప్టైడ్లకు సీడీ4లు (సహాయక టీ కణాలు) బాగా పలుకుతాయి. సీడీ8కి కావలసింది 8 నుంచి 11 అమైనో ఆమ్లాలు, ఎక్కువగా 9. అంచులు సరిపడా తెగితే తప్ప పొడవు పెప్టైడ్ దానికి పనికిరాదు. కాబట్టి మీ చుక్కల్లో సీడీ4 వాటా పెద్దది, సీడీ8 నష్టం అందులో కలిసిపోయింది.

ఇంకో లెక్క చూడండి. స్పైక్ పొడవు 1273 అమైనో ఆమ్లాలు. నాలుగేసి స్థానాలు జరుపుతూ పోతే 315 పెప్టైడ్లు. ఒక్క మ్యుటేషన్ వాటిలో మూడింటినో నాలుగింటినో మాత్రమే తాకుతుంది. ఉదాహరణకు హెచ్ఎల్ఏ-ఏ*24:02 (పెప్టైడ్లను కణం పైకి మోసి టీ కణాలకు చూపే హెచ్ఎల్ఏ ప్రోటీన్లలో ఒక రకం, క్లుప్తంగా ఏ24) మోసే ఎపిటోప్ (టీ కణం గుర్తుపట్టే ముక్క) 448 నుంచి 456 వరకు: ఎన్-వై-ఎన్-వై-ఎల్-వై-ఆర్-ఎల్-ఎఫ్. ఒకటో స్థానం నుంచి లెక్కపెట్టి చేసిన పూల్‌లో దీన్ని పూర్తిగా కలిగింది 445తో మొదలయ్యే పెప్టైడ్ ఒక్కటే. ఆ ఒక్కటి పోయినా మిగతా 314 మోత మోగిస్తూనే ఉంటాయి.

జవాబు 2: పై మాటకు చేర్పు. డెల్టాలోని ఎల్452ఆర్ (452లో ఎల్ పోయి ఆర్ రావడం) ఈ ఎపిటోప్‌లో ఐదో స్థానం. ఏ24కి పట్టు ఇచ్చేవి రెండో స్థానం, చివరిది. ఐదోది టీ కణ గ్రాహకం వైపు తిరిగి ఉంటుంది. అందుకే పెప్టైడ్ హెచ్ఎల్ఏలో కూర్చుంటుంది గానీ కణం దాన్ని గుర్తుపట్టదు. నెట్‌ఎమ్‌హెచ్‌సీపాన్ లాంటి అంచనా సాధనంలో ర్యాంకు 2 శాతం లోపు వచ్చిందని "ఎపిటోప్ నిలిచింది" అని రాసేస్తే ఇక్కడే దెబ్బ తింటాం. అది చెప్పేది కూర్చోవడం గురించే.

ఏ*02:01 విషయంలోనూ ఇదే కథ. 269 నుంచి 277 వరకు వై-ఎల్-క్యూ-పి-ఆర్-టి-ఎఫ్-ఎల్-ఎల్. పి272ఎల్ నాలుగో స్థానం, పట్టు స్థానాలు రెంటికీ దెబ్బ తగలదు, అయినా ఆ ఎపిటోప్‌ను గుర్తించే గ్రాహకాలు చాలావరకు విఫలమవుతాయి. దీనికి తలకిందులు: 456లో ఎఫ్ పోయి ఎల్ వస్తే (ఒమిక్రాన్ ఉపరకాలైన కేపీ.2, కేపీ.3లో ఉంది) అది చివరి పట్టు స్థానమే, కానీ ఏ24 చివర ఎల్‌ను కూడా ఒప్పుకుంటుంది. పైగా ఆ వంశంలో 450, 452, 455 కూడా మారాయి కాబట్టి ఒక్క 456ను విడదీసి మాట్లాడటం అనవసరం.

ప్రశ్నించినవారు: అయితే ఎవరికి పడిందో ముందే చెప్పగలమా? మా దాతల హెచ్ఎల్ఏ "ఏ2", "ఏ24" స్థాయిలోనే ఉంది.

జవాబు 1: అది చాలదు. ఏ*02:01, ఏ*02:07 ఒకటే పెప్టైడ్లు మొయ్యవు. రెండు క్షేత్రాల స్థాయిలో, అంటే కోలన్ తర్వాతి అంకెలతో టైపింగ్ చేయించండి. ఏ, బి, సి జన్యువులు రెండేసి, కాబట్టి ఒక మనిషికి గరిష్ఠంగా ఆరు రకాలు. స్పందన నాలుగైదు ఎపిటోప్‌ల మీదే నిలబడ్డవారిలో ఒకటి పోతే గండి పెద్దది, ఎక్కువ ఎపిటోప్‌లకు విస్తరించినవారిలో కనబడదు. "టీ కణాలు 70–80 శాతం నిలిచాయి" అన్న సగటు ఒక్కో మనిషి గురించి ఏమీ చెప్పదు, అందరూ దాన్ని వాడే తీరు నాకు నచ్చదు.

ఇక ప్రయోగం. మొత్తం పూల్ వదిలి, మారిన స్థానాలను తాకే పెప్టైడ్లతో ఒక చిన్న పూల్, అవే స్థానాల వుహాన్ రూపాలతో ఇంకో పూల్ చేయండి. తర్వాత దాత హెచ్ఎల్ఏకి తగ్గ 9 పొడవు పెప్టైడ్లు, అసలుదీ మారినదీ జతగా, శుద్ధి 95 శాతానికి తగ్గకుండా తెప్పించండి. 10 మైక్రోగ్రాములు/మి.లీ. నుంచి పదేసి రెట్లు పలచన చేస్తూ 0.001 దాకా పెట్టండి. కణాలు బావికి (ప్లేటులోని గుంటకు) 10 లక్షలు, 20–24 గంటలు. కణం ఉత్తేజితమైందని చెప్పే గుర్తులు: సీడీ8కి సీడీ69తో పాటు సీడీ137, సీడీ4కి ఓఎక్స్40తో పాటు సీడీ137. ఒక్క 10 మైక్రోగ్రాముల దగ్గరే చూస్తే బలహీన గుర్తింపు కూడా మామూలుగా కనిపిస్తుంది. మారిన పెప్టైడ్‌లో అసలుదాని ఆనవాలు కలిసి ఉన్నా అంతే.

జవాబు 3: డీఎంఎస్‌ఓ (పెప్టైడ్లను కరిగించే ద్రావకం) లెక్క ఎవరూ చెప్పలేదు, చాలామందికి ఇక్కడే కణాలు చస్తాయి. ఒక్కో పెప్టైడ్ 10 మి.గ్రా./మి.లీ. ఉన్న 315 సీసాల నుంచి సమానంగా కలిపితే, కలిపిన దాంట్లో ఒక్కోటి సుమారు 32 మైక్రోగ్రాములు/మి.లీ. మాత్రమే. బావిలో 1 మైక్రోగ్రాము/మి.లీ. కావాలంటే 1:32 పలచన, అంటే డీఎంఎస్‌ఓ 3 శాతం. కలిపాక గడ్డకట్టించి ఆరబెట్టి (లయోఫిలైజేషన్), ఒక్కోటి 1 మి.గ్రా./మి.లీ. వచ్చేలా మళ్లీ కరిగిస్తే 1:1000 పలచన చాలు, డీఎంఎస్‌ఓ 0.1 శాతం. రెండు పూల్‌లలో, ఖాళీ బావిలో కూడా అదే శాతం ఉండాలి. ఒకదాంట్లో 0.1, ఇంకోదాంట్లో 0.5 ఉంటే ఆ తేడానే మ్యుటేషన్ అనుకుంటారు.

ప్రశ్నించినవారు: చివరిగా ఒకటి. కృత్రిమ పెప్టైడ్‌తో తేడా రాకపోతే వైరస్ టీ కణాలను తప్పించుకోలేదని రాయొచ్చా?

జవాబు 2: రాయకండి. బయటి నుంచి పెప్టైడ్ వేస్తే ప్రోటియాసోమ్ కోత (కణం లోపల ప్రోటీన్‌ను ముక్కలు చేయడం), టాప్ రవాణా (ఆ ముక్కలను హెచ్ఎల్ఏ దగ్గరికి చేర్చడం) రెండూ దాటేసినట్టే. ఎపిటోప్ పక్కనున్న అమైనో ఆమ్లం మారి కోత చెడితే మీ ప్లేటులో అది దొరకదు. దానికి ఆ స్పైక్‌ను లోపలే తయారుచేసే, తగిన హెచ్ఎల్ఏ ఉన్న కణాలను లక్ష్యంగా పెట్టాలి.

న్యూక్లియోక్యాప్సిడ్ (వైరస్ లోపలి ప్రోటీన్, స్పైక్ టీకాలో ఉండదు) పూల్ కూడా ఒకటి పెట్టండి. బి*07:02 ఉన్నవారిలో ఎస్-పి-ఆర్-డబ్ల్యు-వై-ఎఫ్-వై-వై-ఎల్ (105–113) రకాల మధ్య పెద్దగా మారనిది. కాకపోతే స్పైక్ టీకా మాత్రమే వేసుకుని ఎన్నడూ సోకనివారిలో దీనికి స్పందన వస్తే, తెలియకుండా సోకి ఉండాలి, లేదా జలుబు కరోనావైరస్‌ల నాటి జ్ఞాపకం కావాలి. ఆ జలుబు కరోనావైరస్‌ల్లో ఒకటైన ఓసీ43లో ఇదే చోట మొదటి అక్షరం ఒక్కటే తేడా.