ఉగాది స్టాల్ పనులు: రాజ్ రెడ్డిగారి టేబుల్

స్టాల్ ఇన్‌చార్జ్: అందరికీ నమస్కారం. హాలు గుమ్మం పక్క టేబుల్ మనకే ఇచ్చారు. కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డిగారి పోస్టర్ చూశాను. నిలువెత్తు ఫొటో, కంప్యూటర్ రంగంలో అతి పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు 1994లో, 2001 పద్మభూషణ్... అంతేనా? దీని దగ్గర పిల్లలు ఒక్క నిమిషం కూడా ఆగరు.

పోస్టర్ టీమ్: అవార్డులు తీసేస్తే పెద్దవాళ్లు ఆగరక్కా!

స్టాల్ ఇన్‌చార్జ్: తీసెయ్యొద్దు తమ్ముడూ, కిందకి దించు. పైన ఆయన నడిచిన దారి గియ్యి. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. మద్రాసు గిండీలో సివిల్ ఇంజనీరింగ్, తర్వాత ఆస్ట్రేలియా, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో కృత్రిమ మేధ (ఏఐ) పరిశోధకుడు జాన్ మెకార్తీ దగ్గర పీహెచ్‌డీ, 1969 నుంచి అమెరికాలోనే కార్నెగీ మెలన్ యూనివర్సిటీ. సివిల్ చదివి కంప్యూటర్లకి వచ్చారన్నది పెద్దక్షరాల్లో వెయ్యి, బ్రాంచి గురించి టెన్షన్ పడే తల్లిదండ్రులు మనలో చాలామందే. ‘ఆపిల్ ఫోన్లలో మాట్లాడే సిరిని కనిపెట్టారు’ అన్న లైను మాత్రం కొట్టెయ్యి, అది నిజం కాదు.

పిల్లల టీమ్: మరి పిల్లలకేం పెడదాం?

స్టాల్ ఇన్‌చార్జ్: చదరంగం. 1970లలో ఆయన బృందం హియర్‌సే అనే ప్రోగ్రాం రాసింది. నోటితో ఎత్తు చెబితే ఆడేది. మాట సరిగా వినపడకపోతే, బోర్డు మీద ఏ ఎత్తులు కుదురుతాయో చూసి ఏమన్నారో పోల్చుకునేది. పెళ్లి బాజాల మధ్య సగం మాటే వినపడినా మనకి అర్థమవుతుందే, అలాగన్నమాట. కాబట్టి మిక్సీ ఆన్ చేసి ఒకరు ఎత్తు చెప్పాలి. రెండోవాళ్లు ముందు బోర్డు చూడకుండా, తర్వాత చూసి, ఏం విన్నారో చెప్పాలి.

పిల్లల టీమ్: రాత్రి మావాడితో ఆడి చూశానక్కా. నేను ‘బంటు’ అంటే ‘ఒంటె’ అని విన్నాడు. బోర్డు చూపించగానే, ‘ముందు బంట్లు అడ్డముంటే ఒంటె ఎలా కదుల్తుంది, బంటే!’ అన్నాడు.

స్టాల్ ఇన్‌చార్జ్: అదే కావాలి! పక్కనే ఇంకో అట్ట పెడదాం: 1976లో కార్నెగీ మెలన్‌లోనే తయారైన, మాటలు గుర్తుపట్టే హార్పీ అనే ప్రోగ్రాంకి తెలిసినవి 1011 మాటలు. అప్పటికి అదే గొప్ప. వాటిలో కొన్ని రాసిపెడదామనుకున్నా, జాబితా దొరికితేనే. లేకపోతే అంకె చాలు.

పోస్టర్ టీమ్: రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్, ట్రిపుల్ ఐటీలు?

స్టాల్ ఇన్‌చార్జ్: ఒక్కో లైను. 1979లో కార్నెగీ మెలన్‌లో మొదలైన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కి తొలి డైరెక్టర్ ఆయనే. మిక్సీ నేను తెస్తా. గుమ్మం దగ్గర ప్లగ్ లేదు, ఎక్స్‌టెన్షన్ కార్డు ఎవరి దగ్గరుంది?